‘హార్డ్‌లీ వర్క్‌డ్’ అని మెయిల్ కొట్టా.. ఆ తర్వాత ఫోన్‌తోనే ఇంగ్లిష్ పదాల జతలు ఇలా నేర్చుకున్నా!

నేను మామూలుగా రాసేది ఫోన్ బ్యాటరీ ఎంతసేపు వస్తోంది, చార్జింగ్‌కి ఎంత టైమ్ పడుతోంది లాంటి విషయాలే. ఈసారి రివ్యూ ఫోన్‌కి కాదు, నా ఇంగ్లిష్‌కి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, జేబులో ఉన్న ఫోన్‌నే టీచర్‌ని చేసుకుని ఇంగ్లిష్‌లో ఒక చిన్న లోపాన్ని సరిచేసుకున్న కథ. ఆ లోపం మీలో కూడా ఉండొచ్చు. ఎందుకంటే అది ఉన్నట్టు ఎవరూ చెప్పరు, ఏ యాప్ కూడా ఎర్ర గీత పెట్టదు.

మెయిల్‌లో ఒక్క ఎర్ర గీత కూడా లేదు

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. మా టీమ్ మొత్తం రెండు వారాలు శని, ఆదివారాలు కూడా కూర్చుని ఒక రిలీజ్ పూర్తి చేసింది. అందులో ఎక్కువ భారం మోసింది మా సీనియర్. మేమంతా అక్కా అనే పిలుస్తాం. డేటాబేస్ మార్చే పని ఆవిడది. ఆ పని రాత్రిపూటే చేయాలి, ఎందుకంటే పగలు క్లయింట్ వాళ్లు సిస్టమ్ వాడుతుంటారు. నాలుగు రాత్రులు ఆవిడ నిద్రపోలేదు.

రిలీజ్ అయ్యాక స్టేటస్ మెయిల్ రాసే పని నాకు ఇచ్చారు. టీమ్ కష్టాన్ని క్లయింట్‌కి చెప్పాలని నాకు ఉత్సాహం. ‘టీమ్ ఈ రిలీజ్ కోసం రెండు వారాలు బాగా కష్టపడింది’ అని చెప్పాలనుకుని ఇలా రాశా: ‘ది టీమ్ హార్డ్‌లీ వర్క్‌డ్ ఆన్ దిస్ రిలీజ్ ఫర్ టూ వీక్స్’. మూడు సార్లు చదివా. స్పెల్ చెక్ చేశా. ఎక్కడా ఎర్ర గీత లేదు. సెండ్ కొట్టేశా.

క్విక్ అయితే క్విక్‌లీ, స్లో అయితే స్లోలీ. మరి హార్డ్ అయితే హార్డ్‌లీ కదా! పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, బీటెక్‌లో ఇంగ్లిష్‌ని పరీక్ష కోసమే చదివిన నా బుర్రకి తోచిన లాజిక్ అది. కానీ ఇంగ్లిష్‌లో ‘వర్క్ హార్డ్’ అంటే కష్టపడటం. ‘హార్డ్‌లీ వర్క్’ అంటే దాదాపు పనే చేయకపోవడం.

సాయంత్రానికి జవాబు వచ్చింది. పని చేయకపోతే ఓవర్‌టైమ్ గంటలు బిల్లులో ఎందుకు ఉన్నాయని క్లయింట్ వైపు మేనేజర్ మర్యాదగానే అడిగారు. మా లీడ్ వెంటనే ఫోన్ చేసి వివరణ ఇచ్చారు, నేను సారీ మెయిల్ పంపా. గొడవ పెద్దది కాలేదు. కానీ ఆ గంటలన్నీ మళ్లీ లాగ్‌లతో సహా చూపించాల్సి వచ్చింది. ఆ పని కూడా అక్క మీదే పడింది.

ఆవిడ నన్ను తిట్టలేదు. ‘నువ్వు ఏం చెప్పాలనుకున్నావో నాకు తెలుసురా. కానీ వాళ్లకు తెలిసేది నువ్వు రాసిందే కదా’ అంది. తిడితే బాగుండేది అనిపించింది.

‘పకపకా ఏడ్చింది’ అంటే ఒప్పుకుంటామా?

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం అర్థమైంది. నాకు ఇంగ్లిష్ పదాలు తెలుసు, గ్రామర్ కూడా ఫర్వాలేదు. తెలియనిది ఏ క్రియ పక్కన ఏ పదం కూర్చుంటుందో.

ఇది ఇంగ్లిష్‌కే ఉన్న వింత కాదు. తెలుగులో చూడండి. నవ్వితే పకపకా నవ్వుతాం, కిలకిలా నవ్వుతాం. ఏడిస్తే వలవలా ఏడుస్తాం, భోరున ఏడుస్తాం. వణికితే గడగడా, నీళ్లు తాగితే గటగటా, నడిస్తే చకచకా. ‘పాప పకపకా ఏడ్చింది’ అని ఎవరైనా రాస్తే అందులో గ్రామర్ తప్పు ఏమీ లేదు. కర్త ఉంది, క్రియ ఉంది, అన్నీ ఉన్నాయి. అయినా చదివినవాళ్లు ఆగిపోతారు. ఈ రూల్ మనకు ఏ టీచరూ చెప్పలేదు. ఇంట్లో వినీ వినీ జతలుగానే మెదడులో పడిపోయాయి.

ఇలా అలవాటుగా కలిసి వచ్చే మాటల్ని ఇంగ్లిష్‌లో కొలొకేషన్ అంటారు. భాషాశాస్త్రంలో ఈ ఆలోచనకి గట్టి పునాది వేసింది జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ పండితుడు. ఒక మాట అర్థం దాని చుట్టూ ఉండే మాటల్ని బట్టి తెలుస్తుందన్నది 1950లలో ఆయన వాదన. ఈయన అంతకుముందు లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పని చేశారు. తర్వాత మన తెలుగుని కూడా అధ్యయనం చేశారు. మెషీన్ లెర్నింగ్ చదివినవాళ్లకి 2013లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన వర్డ్2వెక్ గుర్తుండే ఉంటుంది. పక్కన ఉండే పదాల్ని బట్టి ఒక పదానికి నంబర్లు ఇవ్వడమే దాని పని. అంటే ఫర్త్ చెప్పిన మాటనే అది లెక్కల్లోకి మార్చింది. నేను ప్రాజెక్ట్‌లో వర్డ్2వెక్ వాడాను కూడా. కానీ ఆ సూత్రం నా ఇంగ్లిష్‌కి పనికొస్తుందని తట్టలేదు!

అసలు దొంగలు: బాగా, చాలా, గట్టిగా

నా పాత మెయిల్స్ అన్నీ వెతికి తప్పుల లిస్ట్ రాసుకున్నా. దాదాపు అన్నిటి వెనకా మూడు తెలుగు మాటలే ఉన్నాయి.

మొదటిది ‘బాగా’. తెలుగులో ఇది మాస్టర్ కీ లాంటిది, ఏ తాళానికైనా పడుతుంది. ఇంగ్లిష్‌లో ఒక్కో తాళానికి ఒక్కో కీ కావాలి.

- వర్షం బాగా పడింది: రెయిన్‌డ్ హెవీలీ
- బాగా టెస్ట్ చేశాం: థరోలీ టెస్టెడ్
- ధర బాగా తగ్గింది: డ్రాప్‌డ్ షార్ప్‌లీ
- పనితీరు బాగా మెరుగైంది: ఇంప్రూవ్‌డ్ సిగ్నిఫికెంట్లీ
- బాగా గుర్తుంది: క్లియర్లీ రిమెంబర్
- ఇప్పుడు బాగా అవసరం: బ్యాడ్లీ నీడ్

చివరిది చూసి నవ్వొచ్చింది. మన ‘బాగా’ వాళ్లకి ‘బ్యాడ్లీ’ అయింది!

రెండోది ‘గట్టిగా’. గట్టిగా పట్టుకుంటే హోల్డ్ టైట్లీ. గట్టిగా మాట్లాడితే స్పీక్ లౌడ్లీ. గట్టిగా నమ్మితే ఫర్మ్‌లీ బిలీవ్. గట్టిగా వ్యతిరేకిస్తే స్ట్రాంగ్లీ అపోజ్. గట్టిగా ప్రయత్నిస్తే ట్రై హార్డ్. ‘కుదరదంటే కుదరదు’ అని గట్టిగా చెప్పేస్తే ఫ్లాట్లీ రెఫ్యూజ్.

మూడోది ‘చాలా’. ‘ఈ ఫోన్ నాకు చాలా నచ్చింది’ అనే మాటని ‘ఐ వెరీ లైక్ దిస్ ఫోన్’ అని నేను కాలేజీ రోజుల్లో అన్నా. వెరీ అనేది క్రియ ముందు ఒంటరిగా నిలబడదు. అక్కడ ‘రియల్లీ లైక్’ రావాలి, లేదంటే వాక్యం చివర ‘వెరీ మచ్’ పెట్టాలి.

మన తెలుగు తక్కువదని కాదు. పకపక, కిలకిల, వలవల అంటూ మనం చూపించే తేడాల్ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే వాళ్లూ తడుముకోవాల్సిందే. రెండు భాషలూ తేడాల్ని వేర్వేరు చోట్ల గీశాయి, అంతే.

మీ కీబోర్డ్ మీ తప్పునే మీకు తిరిగి ఇస్తుంది

ఇక ఫోన్ దగ్గరికి వద్దాం. మీరు టైప్ చేస్తుంటే కీబోర్డ్ పైన మూడు పదాలు కనిపిస్తాయి కదా, అదే కొలొకేషన్ మెషీన్. ఇంతవరకు టైప్ చేసినదాన్ని బట్టి తర్వాత ఏ పదం రావచ్చో అది అంచనా వేస్తుంది. పాత కీబోర్డులు రెండు మూడు పదాల గుంపులు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టేవి. ఆ తర్వాత న్యూరల్ నెట్‌వర్క్‌లు వచ్చాయి. జీబోర్డ్‌లో ఈ అంచనాల కోసం ఫెడరేటెడ్ లెర్నింగ్ ఎలా వాడారో గూగుల్ పరిశోధకులు 2018లో పేపర్ కూడా రాశారు. మనం టైప్ చేసింది సర్వర్‌కి పంపకుండా ఫోన్‌లోనే మోడల్‌కి శిక్షణ ఇచ్చి, ఆ మార్పుల్ని మాత్రమే పంపే పద్ధతి అది.

అలాంటప్పుడు కీబోర్డ్ చూపించిందే సరైన జత అనుకోవచ్చా? అక్కడే నేను బోల్తా పడ్డా. కీబోర్డ్ మీ అలవాట్లను కూడా నేర్చుకుంటుంది. మీరు ఏడాదిగా ఒక తప్పు జతనే టైప్ చేస్తుంటే, మొదటి పదం కొట్టగానే రెండోదాన్ని సిద్ధంగా పెడుతుంది. నా ఫోన్‌లో ‘డీప్లీ’ కొట్టగానే ‘టెస్టెడ్’ వచ్చేది! అది ఇంగ్లిష్ ప్రపంచం వాడే జత కాదు, నేను నేర్పిన జత. నా తప్పు నాకే సలహాగా తిరిగొచ్చింది.

అందుకని మొదట చేయాల్సింది క్లీనింగ్. జీబోర్డ్‌లో ఒకే ఒక్క తప్పు సజెషన్‌ని తీసేయాలంటే, ఆ పదాన్ని నొక్కి పట్టుకుని ట్రాష్ గుర్తు మీదకి లాగితే చాలు. అంతా తుడిచేయాలంటే జీబోర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి ‘డిలీట్ లెర్న్‌డ్ వర్డ్స్ అండ్ డేటా’ నొక్కాలి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్’, రీసెట్, ఆ తర్వాత ‘రీసెట్ కీబోర్డ్ డిక్షనరీ’. ఒక హెచ్చరిక: ఇలా చేస్తే మీ ఊరి పేరు, స్నేహితుల పేర్లు, తెలుగు మాటలు కీబోర్డ్ నేర్చుకున్నవన్నీ కూడా పోతాయి. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది. నేనైతే తుడిచేశా.

ఏ జత నిజమైనదో తేల్చుకోవాలంటే

కీబోర్డ్‌ని నమ్మలేనప్పుడు ఎవర్ని నమ్మాలి? నేను మూడు చోట్ల చూస్తా. మూడూ ఫోన్ బ్రౌజర్‌లో పని చేస్తాయి.

మొదటిది గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్. 2010లో వచ్చిన ఉచిత టూల్. స్కాన్ చేసిన లక్షల పుస్తకాల్లో ఒక పదబంధం ఏ ఏడాది ఎంతగా కనిపించిందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ‘స్ట్రాంగ్లీ అపోజ్’, ‘హైలీ అపోజ్’ రెండూ మధ్యలో కామా పెట్టి కొట్టండి. మొదటి గీత పైన ఉంటుంది. రెండోది నేలకి అతుక్కుపోతుంది. దీనికన్నా స్పష్టమైన బెంచ్‌మార్క్ ఏముంటుంది?

ఇందులో చాలామందికి తెలియని ట్రిక్ ఒకటుంది. పదం తెలియని చోట నక్షత్రం గుర్తు, అండర్‌స్కోర్, ఏ, డీ, వీ అనే మూడు క్యాపిటల్ అక్షరాలు కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి ‘రికమెండ్’ అని టైప్ చేయండి. ఏడీవీ అంటే యాడ్‌వర్బ్, అంటే క్రియ ఎలా జరిగిందో చెప్పే మాట. రికమెండ్ ముందు ఎక్కువగా వచ్చే పది యాడ్‌వర్బులు బయటికి వస్తాయి. ‘ఆల్సో’ లాంటి మనకి పనికిరానివి కూడా వస్తాయి, వాటిని వదిలేయండి. కోడింగ్ చేసేవాళ్లకి ఇది వైల్డ్‌కార్డ్ సెర్చ్ లాంటిదే కాబట్టి వెంటనే అలవాటైపోతుంది.

రెండోది కోకా అని పిలిచే అమెరికన్ ఇంగ్లిష్ భాండాగారం. అందులో 1990 నుంచి 2019 వరకు టీవీ, పత్రికలు, కథలు, పరిశోధన వ్యాసాలు అన్నీ కలిపి 100 కోట్లకు పైగా పదాలు ఉన్నాయి. ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు, కానీ రోజుకి ఇన్ని సెర్చ్‌లే అని పరిమితి ఉంటుంది. ఎన్‌గ్రామ్ పుస్తకాల భాషనే చూపిస్తుంది, ఇందులో మాట్లాడే భాష కూడా దొరుకుతుంది. అదే దీని ప్లస్ పాయింట్. చిన్న స్క్రీన్ మీద దీని పేజీ ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఫోన్‌ని అడ్డంగా తిప్పి వాడండి.

మూడోది పాత పద్ధతి, డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు విద్యార్థుల కోసం కొలొకేషన్స్ డిక్షనరీని 2002లో తెచ్చారు. అందులో ఒక క్రియ తీస్తే అర్థం ఇవ్వదు, దాని పక్కన ఏ పదాలు వస్తాయో ఇస్తుంది. ఎన్‌గ్రామ్‌లో గ్రాఫ్ చూసి తలనొప్పి వచ్చేవాళ్లకి ఇదే బెస్ట్.

గుర్తుండాలంటే: ఆంకీ

చూసిన జత వారానికల్లా మర్చిపోతాం. దీనికి నేను వాడింది ఆంకీ. డేమియన్ ఎల్మ్స్ 2006లో మొదలుపెట్టిన ఫ్లాష్‌కార్డ్ ప్రోగ్రామ్ ఇది. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ పేరుతో ఉచితం, ఓపెన్ సోర్స్ కూడా. ఐఫోన్ యాప్‌కి మాత్రం డబ్బు కట్టాలి. కట్టలేకపోతే బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ఉచితంగా వాడుకోవచ్చు.

దీని ఐడియా సింపుల్. మీకు బాగా వచ్చిన కార్డు చాలా రోజుల తర్వాత మళ్లీ వస్తుంది. రాని కార్డు వెంటనే వస్తుంది. కొత్త వెర్షన్లలో డెక్ ఆప్షన్స్‌లోకి వెళ్తే ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే షెడ్యూలర్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మీరు ఎంత తొందరగా మర్చిపోతున్నారో చూసి రివ్యూ తేదీలు లెక్కేస్తుంది.

నేను మొదట చేసిన తప్పు చెప్తా, మీరు చేయకండి. ఎవరో తయారు చేసిన రెండు వేల కార్డుల డెక్ దింపుకున్నా. మూడో రోజుకే పెండింగ్ కార్డులు గుట్ట అయ్యాయి. ఎనిమిదో రోజు యాప్ తీసేశా. అందులో ‘సాలెమ్‌లీ ప్రామిస్’ ఉంది, ‘క్యాటగారికల్లీ డినై’ ఉంది. మంచి జతలే, కానీ నేను ఆఫీసులో ఎవరికి గంభీరంగా ప్రమాణం చేస్తా, ఏ ఆరోపణని ఖండిస్తా?

రెండోసారి నా సొంత మెయిల్స్, చాట్‌లలోంచే కార్డులు చేసుకున్నా. రోజుకి ఐదు, అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ కాదు. పదాన్ని ఖాళీగా ఉంచే క్లోజ్ అనే కార్డ్ టైప్ వాడా. ముందు వైపు నేను నిజంగా రాసే వాక్యం, అందులో యాడ్‌వర్బ్ ఉండాల్సిన చోట ఖాళీ, కింద తెలుగులో సందర్భం. ఉదాహరణకి ‘వియ్ హావ్ డ్యాష్ టెస్టెడ్ ది పేమెంట్ ఫ్లో’, కింద ‘మూలమూలా చూసి’ అని. వెనక వైపు ‘థరోలీ’. క్రియ, యాడ్‌వర్బ్ రెండూ ఒకే ముక్కగా రావాలి. ఒక్క ‘థరోలీ’కి అర్థం నేర్చుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

జవాబు చూశాక ఆంకీలో నాలుగు బటన్లు ఉంటాయి. అందులో ఒకటి ‘హార్డ్’. అది కనిపించిన ప్రతిసారీ ఆ మెయిల్ గుర్తొచ్చేది. అది కూడా ఒక రకం రివిజనే అనుకున్నా.

నోట్లో పడాలంటే

కార్డుల్లో వచ్చింది కాల్‌లో రాదు. రాయడానికి టైమ్ ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు. దీనికి రెండు పనులు చేశా.

ఒకటి యూగ్లిష్ అనే సైట్. ఏదైనా జత టైప్ చేస్తే, యూట్యూబ్ వీడియోల్లో ఎవరు ఆ మాట అన్నారో సరిగ్గా ఆ సెకను నుంచి ప్లే చేస్తుంది. అమెరికన్, బ్రిటిష్ అని యాస కూడా ఎంచుకోవచ్చు. ఒక జతని ఐదుగురి నోట వింటే అది మీ చెవికి సొంతమైపోతుంది. చిన్నప్పుడు ‘గడగడా వణికాడు’ మనకి వచ్చింది ఇలాగే కదా.

రెండోది ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్. ఆఫీసు నుంచి వచ్చాక ఆ రోజు చేసిన పని గురించి ఒక్క నిమిషం ఇంగ్లిష్‌లో మాట్లాడి రికార్డ్ చేసేవాణ్ని. తర్వాత విని, ‘వెరీ’ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవాణ్ని. మొదటి రోజు పదకొండు. నా గొంతు నేనే వినలేక ఇయర్‌బడ్స్ తీసేశా. ఆరు వారాల తర్వాత రెండు. బెంచ్‌మార్క్ స్కోర్లు చూసి చాలాసార్లు సంతోషపడ్డా కానీ ఈ స్కోర్ ఇచ్చిన సంతోషం వేరు.

ఇంకో చిట్కా మన సైట్ రీడర్లకే. ఇంగ్లిష్ గ్యాడ్జెట్ రివ్యూలు ఎలాగూ చదువుతారు, చూస్తారు. అవన్నీ ఈ జతల గనులు. ఫోన్ రన్స్ స్మూత్లీ. బ్యాటరీ డ్రెయిన్స్ క్విక్‌లీ. ప్రైస్ హాజ్ డ్రాప్‌డ్ షార్ప్‌లీ. వేరియంట్లు వైడ్లీ అవెయిలబుల్. చార్జింగ్ విషయంలో మాత్రం జాగ్రత్త, ‘చార్జెస్ ఫాస్ట్’ అనాలి. ఫాస్ట్‌లీ అనే మాటే ఇంగ్లిష్‌లో లేదు. మీకు ఇష్టమైన రివ్యూ చదువుతూ క్రియ పక్కన ఉన్న మాటని హైలైట్ చేయండి. రోజుకి రెండు దొరికినా చాలు.

ముందు ఏవి నేర్చుకోవాలి?

అన్ని తప్పులూ ఒకటి కాదు. ‘డీప్లీ టెస్టెడ్’ అంటే వినేవాళ్లకి వింతగా ఉంటుంది కానీ అర్థమవుతుంది. ‘హార్డ్‌లీ వర్క్‌డ్’ అంటే అర్థమే తిరగబడుతుంది. అందుకే అర్థం మార్చేసే వాటితో మొదలుపెట్టండి.

- హార్డ్ అంటే కష్టపడి, హార్డ్‌లీ అంటే దాదాపు లేదు.
- లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య.
- నియర్ అంటే దగ్గర, నియర్లీ అంటే ఇంచుమించు. ‘నియర్లీ ఫినిష్‌డ్’ అంటే పని పూర్తి కాలేదనే!
- షార్ట్ అంటే పొట్టి, షార్ట్లీ అంటే కాసేపట్లో.

తర్వాత ఆఫీసులో రోజూ పనికొచ్చేవి. ఇవి గుంపులుగా పెట్టుకుంటే తేలిక.

- అభిప్రాయం చెప్పే క్రియలకి స్ట్రాంగ్లీ: రికమెండ్, సజెస్ట్, అడ్వైజ్, అపోజ్.
- అర్థం చేసుకోవడం, మద్దతు ఇవ్వడం లాంటి వాటికి ఫుల్లీ: అండర్‌స్టాండ్, సపోర్ట్.
- వెతికి చూసే పనులకి థరోలీ: టెస్ట్, చెక్, రివ్యూ.
- కనిపెట్టుకుని ఉండటానికి క్లోజ్లీ: మానిటర్, ఫాలో, వాచ్.
- ఆలోచించే పనులకి కేర్‌ఫుల్లీ: కన్సిడర్, రీడ్.
- మనసుకి సంబంధించిన వాటికి డీప్లీ లేదా సిన్సియర్లీ: డీప్లీ రిగ్రెట్, సిన్సియర్లీ అపాలజైజ్.

‘హైలీ రికమెండ్’ కూడా సరైనదే. నేను గమనించిన తేడా ఒకటి చెప్తా. ఒక ఫోన్‌నో సినిమానో మెచ్చుకుంటూ చెప్పేటప్పుడు హైలీ ఎక్కువ వస్తుంది. ‘అప్‌డేట్‌కి ముందు బ్యాకప్ తీసుకోండి’ లాంటి హెచ్చరికతో కూడిన సలహాకి స్ట్రాంగ్లీ ఎక్కువ వస్తుంది.

‘ఏఐ ఉంది కదా బ్రో’ అనేవాళ్ల కోసం

ఈ మాట నా రూమ్మేట్ కూడా అన్నాడు. నిజమే, ఇప్పుడు ఫోన్లలోనే రైటింగ్ టూల్స్ వస్తున్నాయి. మెయిల్ ఇస్తే తిరగరాసి ఇస్తాయి. నేనూ వాడతా. కానీ రెండు సమస్యలు ఉన్నాయి. ఒకటి, ‘హార్డ్‌లీ వర్క్‌డ్’ గ్రామర్ ప్రకారం శుభ్రమైన వాక్యం. నిజంగానే పని చేయని టీమ్ గురించి రాసేటప్పుడు అదే కరెక్ట్. నా టీమ్ నాలుగు రాత్రులు నిద్రపోలేదని టూల్‌కి ఎలా తెలుస్తుంది? రెండు, కాల్‌లో క్లయింట్ ప్రశ్న అడిగినప్పుడు ‘ఒక్క నిమిషం, ఏఐని అడిగి వస్తా’ అనలేం.

అందుకే నేను ఏఐని వేరేలా వాడతా. ముందు నా వాక్యం నేనే రాస్తా. తర్వాత సరిచేయమని అడగను. ‘ఈ వాక్యం చదివితే నీకు ఏం అర్థమైంది, తేలిక మాటల్లో చెప్పు’ అని అడుగుతా. నేను అనుకున్నది, అది చెప్పింది ఒకటి కాకపోతే తప్పు ఎక్కడో నేనే వెతుక్కుంటా. దొరికిన జత ఆంకీలోకి వెళ్తుంది. ఆ రోజు ఈ పని చేసి ఉంటే మెయిల్ వెళ్లేదే కాదు.

జీబోర్డ్ పర్సనల్ డిక్షనరీలో షార్ట్‌కట్‌లు పెట్టుకుని రెండు అక్షరాలకే ‘స్ట్రాంగ్లీ రికమెండ్’ వచ్చేలా చేయడం కూడా ప్రయత్నించా. టైపింగ్ తగ్గింది, నేర్చుకోవడమూ తగ్గింది. వారంలో తీసేశా.

వెర్డిక్ట్

రివ్యూ కాబట్టి ప్లస్‌లు, మైనస్‌లు చెప్పాలి. ప్లస్‌లు: ఖర్చు దాదాపు సున్నా, రోజుకి పదిహేను నిమిషాలు చాలు, బస్సులో కూర్చుని కూడా చేయొచ్చు. మైనస్‌లు: మొదటి మూడు వారాల్లో మార్పేమీ కనిపించదు. కొన్ని రోజులు ప్రతి వాక్యం దగ్గరా అనుమానం వచ్చి మాట్లాడే స్పీడ్ తగ్గుతుంది. నాకూ తగ్గింది. ఆ తర్వాత మళ్లీ వస్తుంది, ఈసారి సరైన జతలతో.

నా ఇంగ్లిష్ ఇప్పుడు గొప్పగా ఉందని చెప్పను. మొన్న కూడా ఒక కాల్‌లో ‘హైలీ అపోజ్’ అనబోయి నాలుక కరుచుకున్నా.

కానీ గత రిలీజ్‌కి స్టేటస్ మెయిల్ మళ్లీ నా చేతికే వచ్చింది. నేను అడగలేదు, అక్కే లీడ్‌కి చెప్పి నాకు ఇప్పించింది. అందులో ఆవిడ పేరు రాసి, ఆవిడ ఆ వారమంతా ‘వర్క్‌డ్ ఎక్స్‌ట్రీమ్‌లీ హార్డ్’ అని, మొత్తం ‘థరోలీ టెస్టెడ్’ అని రాశా. పంపేముందు ఆవిడ డెస్క్ దగ్గరికి వెళ్లి ఫోన్‌లో చూపించా. ఒకసారి చదివింది.

‘ఈసారి లీ ఎక్కడా ఎక్కువ పడలేదు కదరా’ అంది.

‘లేదక్కా, మూడుసార్లు చూశా.’

‘అప్పుడూ మూడుసార్లే చూశావు’ అని నవ్వి, ఫోన్ నా చేతికిచ్చి, తనే సెండ్ నొక్కింది.